బూట్లకు జీర్ణోద్ధరణ

ఛందస్సును గురించో, సంధులను గురించో వ్రాసుకొనే ఈ పంతులు ఉన్నట్టుండి బూట్ల మీద పడ్డాడేమిటని మీరు నవ్వుకోవచ్చు. ఉద్యోగవిరమణ చేసిన తెలుగు పండితునికి బూట్లతో ఏమి పని అని నేనూ అనుకొన్నాను. కాని రెండు నెలలుగా మా ఇంట్లో భోజనాల దగ్గర, అరుగు మీద, చివరకు ఫోనులో కూడ ఒకటే వాదం. మా పెదనాన్నగారి యుద్ధకాలపు మోటారుసైకిలు బూట్లను బాగుచేయించాలా, వాటి స్థానంలో కొత్తవి కొనాలా అని. వాదంలో దిగినవాడికి ఏదో ఒక అభిప్రాయం ఏర్పడక మానదు కదా. నాకు ఏర్పడిన దానిని మీ ముందు పెడుతున్నాను.

ముందుగా బూట్ల సంగతి చెప్పాలి. మాది కోనసీమలో ఓడలరేవు. వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే చోటు. పేరులో ఓడలు ఉన్నవి కాని, నాకు తెలివి వచ్చిన నాటి నుండి చూసినవి పడవలే. ఈ మధ్యకాలంలో సహజవాయువు గొట్టాలూ, ఓ.ఎన్.జి.సి. వారి దీపాలూను. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ సంవత్సరమే మా పెదనాన్నగారు ఇంట్లో చెప్పకుండా వెళ్ళి సైన్యంలో చేరారు. అప్పటికి ఆయనకు ఇరవై ఒక్క ఏళ్ళు. జబల్పూరులోని సిగ్నల్స్ శిక్షణకేంద్రంలో మోటారుసైకిలు నేర్పి ఆయనను డిస్పాచ్ రైడర్‌ను చేశారు. చిన్నప్పుడు నేను ఆ మాటను "వార్తాహరుడు" అని అనువదించి గర్వంగా వినిపిస్తే ఆయన ఒప్పుకోలేదు. "హరుడూ కాదు, హరీ కాదు. డీ.ఆర్. అనరా, చాలు" అన్నారు.

టెలిఫోను తీగలు తెగినప్పుడు, వైర్‌లెస్‌లో చెబితే శత్రువు చెవిని పడుతుందన్న భయం ఉన్నప్పుడు, సీలువేసిన కాగితాల సంచి తగిలించుకొని బయలుదేరడం డీ.ఆర్. పని. 1944లో కొహిమా ముట్టడి ముగిసి, జూన్ 22న ఇంఫాల్ దారి మళ్ళీ తెరుచుకొన్నాక, దీమాపూర్ నుండి కొహిమా మీదుగా ఇంఫాల్ దాకా ఆ కొండదారిలో వానాకాలమంతా తిరిగానని చెప్పేవారు. యుద్ధం మాటలు అంతకుమించి చెప్పేవారు కారు. బురద మాటలు మాత్రం చాలా చెప్పేవారు. 1946లో ఇంటికి వచ్చినప్పుడు ఆయన వెంట వచ్చినవి ఒక ట్రంకుపెట్టె, ఒక కంబళి, ఈ బూట్ల జత.

ముదురు గోధుమరంగు తోలు. ఎత్తు మోకాటికి కొంచెం దిగువదాకా. పాదం మీద తాడు బిగించుకోవడానికి ఇత్తడి వలయాలు, పైన ఒక పట్టీ, దానికి బకిలు. లోపలి అట్ట మీద బాణపు ములికి ఆకారంలో ఒక ముద్ర, దాని కింద ఇంగ్లీషు 'ఐ' అక్షరం. బ్రిటిషు సర్కారువారు తమ సైనిక సామగ్రి మీద ఆ బాణం వేసేవారు; 'ఐ' చేర్చితే ఇండియాది అని. ఇక కుడి బూటు ముందుభాగాన, బొటనవేలికి కొంచెం పైన, రూపాయి బిళ్ళంత మేర తోలు అరిగి నునుపుదేరి ఉన్నది. ఎడమ దానికి అది లేదు. ఆ కాలపు ఇంగ్లీషు బండ్లకు గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండేవి. యుద్ధంలో బీ.ఎస్.ఏ. వారి ఎం20 ఒక్కటే 1,26,000 దాకా తయారైనదట. దాని అమరికా అదే. కాలివేళ్ళతో గేరు కడ్డీని పైకి ఎత్తిన ప్రతిసారీ అది ఆ ఒక్కచోటనే ఒరుసుకొంటుంది. నాలుగేళ్ళలో ఎన్ని వేలసార్లో! పెదనాన్నగారి చేతివ్రాత మా ఇంట్లో ఒక్క కాగితం మీద కూడ లేదు. ఆయన వ్రాసినది అదొక్కటే అని నాకు అనిపిస్తూ ఉంటుంది.

ఇప్పుడు వాదం దగ్గరకు వస్తాను. మా అన్నయ్య కొడుకు, అంటే పెదనాన్నగారి మనుమడు, ఒక పాత బుల్లెట్టు కొన్నాడు. కుడివైపు గేరు ఉన్న పాతకాలపు బండి. ఏడాదిపాటు దానిని విప్పడం, బిగించడం తప్ప వాడికి వేరే లోకం లేదు. వచ్చే చలికాలంలో దానిమీద దీమాపూర్ నుండి ఇంఫాల్ దాకా వెళ్ళాలని వాడి సంకల్పం. తాతగారి బూట్లు తొడుక్కొని వెళ్ళాలని కోరిక. కోరికలో తప్పులేదు. నిజం చెప్పాలంటే, వాడు ఆ మాట అన్నప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. తరువాత వాడి పథకం విన్నాను. అడుగు అట్టలు పీకి రబ్బరువి వేయిస్తాడట. లోపలి అట్ట, లోపలి తోలు తీయించి మెత్తటివి వేయిస్తాడట. కుడి బూటు ముందుభాగం పగిలింది కనుక ఆ ముక్క కోసి కొత్త తోలు కుట్టిస్తాడట. ఆపైన రెంటికీ నల్లరంగు కొట్టించి అద్దంలా మెరిపిస్తాడట. పట్నంలో ఒక దుకాణంవాడు ఇదంతా చేసి "కొత్తవాటిలా" ఇస్తానని ఒప్పుకొన్నాడు.

మా వదినగారిది రెండో పక్షం. ఆ పాత తోలు ఇంట్లో ఎందుకు, బూజు పట్టి కంపుకొడుతున్నది, పారేసి అలాంటివే కొత్తవి కొనుక్కోరాదా అని. అచ్చం ఆనాటి నమూనాలో కుట్టిన బూట్లు ఇప్పుడు అంగట్లో దొరుకుతున్నవి మరి. పాత బండ్ల మోజు ప్రపంచమంతటా ఉన్నది, దానికి తగ్గ సరుకూ పుట్టింది.

ఒకరు బాగుచేయిద్దాం అంటున్నారు, ఒకరు మారుద్దాం అంటున్నారు. పైకి ఎదురుబొదురు వాదాల్లాగా కనిపిస్తాయి. జాగ్రత్తగా చూస్తే మా అబ్బాయి పథకంలో కూడ చివరకు మిగిలేది కొత్త బూట్లే. అడుగు కొత్తది, లోపల కొత్తది, ముందు కొత్తది, రంగు కొత్తది. ముద్ర పోతుంది, గేరు గుర్తు పోతుంది. మిగిలేది తాతగారివి అన్న మాట ఒక్కటి. వదినగారి దారిలో కనీసం ఆ భ్రమ లేదు.

ఈ మాటే వాడితో అంటే వాడు ఊరుకోలేదు. "బాబాయ్, మీ శబ్దరత్నాకరాన్ని ఎన్నిసార్లు బైండు చేయించారు? అట్ట మారిస్తే అది మీ పుస్తకం కాకుండా పోయిందా?" అన్నాడు. మంచి ప్రశ్న. రెండు రోజులు జవాబు దొరకలేదు. నా శబ్దరత్నాకరం మా గురువుగారిది. మూడుసార్లు బైండు చేయించాను. అట్ట మారింది, కుట్టు మారింది. కాని పుటల అంచుల్లో గురువుగారు పెన్సిలుతో వ్రాసుకొన్న గుర్తులు ఉన్నాయి. బైండరు అంచులు సమంగా కత్తిరిస్తానని కత్తెరయంత్రం దగ్గరకు తీసుకువెళ్ళినప్పుడు నేను అరిచినంత పనిచేసి ఆపాను. అంచులు ఎగుడుదిగుడుగానే ఉన్నవి. అట్ట ఉన్నదే మారడానికి. పుట ఉన్నది నిలవడానికి. బూటులో అట్ట ఏది, పుట ఏది అన్నది తేలితే వాదం తేలుతుంది.

అడుగు అట్ట, మడమ, తాళ్ళు, కుట్టుదారం, ఇవి మారడానికే పుట్టినవి. సైన్యంలో ఉండగానే అడుగులు రెండుసార్లు మార్పించానని పెదనాన్నగారే చెప్పేవారు. పలటాల వెంట బూట్లు కుట్టే మోచీలు ఉండేవారు. బూటు పైతోలును, అడుగునూ నేరుగా కలిపి కుట్టకుండా మధ్యలో ఒక తోలుపట్టీ చుట్టూ వేసి, దానికి రెంటినీ కుట్టే పద్ధతి 19వ శతాబ్దంలోనే యంత్రాలకు ఎక్కింది. అడుగు అరిగితే ఆ పట్టీ దగ్గర కుట్టు విప్పి కొత్త అడుగు వేయవచ్చు. పైతోలు జోలికి పోనక్కరలేదు. అంటే ఆ బూటు తయారుచేసినవాడే మనకు చెప్పాడు, ఏది మార్చుకోవచ్చో, ఏది కూడదో. కనుక "అసలు అడుగులు పోతే పవిత్రత పోతుంది" అనే వాదం నాకు లేదు. మనం అసలు అనుకొంటున్నవి ఏనాడో మూడోసారివి. బుల్లెట్టు మాత్రం? ఇంగ్లాండులో ఆ బండి తయారీ ఏనాడో ఆగిపోయింది. 1955లో మద్రాసులో వేసిన అంటు మాత్రం ఇంకా కాస్తూనే ఉన్నది. అసలు ఏది, అంటు ఏది అని అక్కడ ఎవరు తేల్చగలరు?

పైతోలు సంగతి వేరు. అది నాలుగేళ్ళు ఒక మనిషి పాదానికి అణిగి, అతని మడత మడతకూ మడిగి, అతని అలవాటు అంతా తనమీద ఎక్కించుకొన్నది. అది పుట. మన ప్రాంతపు పోలిక ఒకటి చెబుతాను. ద్రాక్షారామం భీమేశ్వరాలయంలో గోడలమీద, స్తంభాలమీద వందలకొద్దీ శాసనాలు ఉన్నవి. జీర్ణోద్ధరణ పేరుతో రాళ్ళు మార్చి కొత్తగా చెక్కి నిలబెడితే గుడి బలంగానే ఉంటుంది, దీపారాధన సాగుతుంది, చాళుక్యులు మాత్రం ఎగిరిపోతారు. సున్నం పూతలకింద, సిమెంటు కింద అక్షరాలు అణగిపోయిన గుడులు మనకు తక్కువ లేవు. ఉద్ధరణ అంటే పైకెత్తడం. కొత్తది చేయడం అని ఆ మాటకు అర్థం లేదు.

ఇంత ధీమాగా చెబుతున్నాను కదా, ఆ కుడి బూటు పగలడానికి కారణం ఎవరో కూడ చెప్పాలి. నేనే.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను కోనసీమవాసులకు వేరే చెప్పనక్కరలేదు. పెదనాన్నగారు అప్పటికే లేరు. పెద్దమ్మ ఉన్న పెంకుటిల్లు సగం కూలింది. కొబ్బరిచెట్లు వరుసలకు వరుసలు పడిపోయాయి. ట్రంకుపెట్టె తెరుచుకొని సామాను చెల్లాచెదురైంది. మరునాడు కుడి బూటు నాకు దొరికింది, ఉప్పునీళ్ళు ఓడుతూ. ఎడమది మూడు రోజుల తరువాత పడిన గోడకింద పెద్దమ్మకు దొరికింది. నేను చదువుకొన్నవాడిని కదా! కుడిదానిని మా ఇంటికి తెచ్చి డాబా మీద మిట్టమధ్యాహ్నపు ఎండలో మూడు రోజులు పెట్టాను. ఎండి చెక్కలా బిగిసింది. కొత్త చెప్పులు మెత్తబడడానికి ఆముదం పట్టించడం మన ఇళ్ళల్లో అలవాటే కనుక, ఆముదం గిన్నెతో పోశాను. ఒకసారి కాదు, నెలరోజులపాటు. అది బంకగా మారి, దుమ్మంతా పట్టి, ముందుభాగంలో సరిగ్గా ఆ గేరు గుర్తు మీదుగా అడ్డంగా పగిలింది.

పెద్దమ్మ బడికి పోయినది కాదు. ఎడమ బూటును ఆవిడ మంచినీళ్ళ గుడ్డతో తుడిచి, లోపల ఎండుగడ్డి కూరి, గాలి ఆడే నీడలో వసారా దూలానికి తాడుతో వేలాడదీసింది. రెండు రోజులకొకసారి గడ్డి మార్చింది. అంతే. నూనె లేదు, ఎండ లేదు. ఆ బూటు ఈనాటికీ చేతిలో మడిస్తే మడుగుతుంది. పక్కపక్కన పెడితే ఒకటి పండితుడు వైద్యం చేసినది, ఒకటి పండితుడి చేతిలో పడనిది అని ఎవరైనా చెప్పగలరు.

ఎందుకిలా జరిగిందో చాలా ఏళ్ళకు చదివి తెలుసుకొన్నాను. తడి తోలుకు వేడి శత్రువు. పోగులు కుంచించుకొని బిగుసుకొంటాయి, మళ్ళీ విడవవు. ఆ తరువాత పోసిన నూనె పోగులను విడదీయలేదు, సందుల్లో నిండి కూర్చొన్నది. మనసుకు కాస్త ఊరట ఏమిటంటే, ఈ తప్పులో నాకు గొప్ప తోడు ఉన్నది. బ్రిటిష్ మ్యూజియం పేరుతోనే లానొలిన్, తేనెమైనం, సెడార్ చెక్క నూనె కలిపిన ఒక లేపనం దశాబ్దాలపాటు ప్రపంచంలోని గ్రంథాలయాలవారూ, ప్రదర్శనశాలలవారూ పాత తోలుకు పూస్తూ వచ్చారు. ఇప్పుడు దానిని వద్దంటున్నారు. పాత తోలుకు మేలు చేస్తున్నామన్న తృప్తి మనకు మిగులుతుంది కాని, తోలుకు మిగిలేది జిడ్డు అని తేల్చారు. అందుచేత ఎవరైనా మీ ఇంట్లో పాత తోలు సామాను ఉంటే దయచేసి నూనెసీసా వైపు చేయి చాచకండి. పాలిథిన్ సంచిలో మూటగట్టకండి కూడ; మన సముద్రపు గాలిలో లోపల తేమ చేరి బూజు పడుతుంది. మా వదినగారు చెప్పిన కంపు ఆ సంచిదే, బూట్లది కాదు. ఇత్తడి వలయాల చుట్టూ ఆకుపచ్చని చిలుము కనబడితే పుల్లతో మెల్లగా గీకి తీయాలి తప్ప చింతపండుతో తోమకూడదు. ఎర్రని పొడిలా రాలుతున్న తోలైతే నీటి గుడ్డ కూడ తగలనీయకండి.

మా అబ్బాయి కాలి సంగతి ఇంకొకటి ఉన్నది. నేను కొత్తవి కొనుక్కోమన్నది మొదట ఆ కారణంచేతనే. మోటారుసైకిలు బూటు అలంకారానికి పుట్టలేదు. అది కవచం. లారెన్స్ ఆఫ్ అరేబియాగా పేరుపొందిన టి.ఇ. లారెన్స్ 1935 మేలో మోటారుసైకిలు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. ఆయనను చూసిన వైద్యులలో ఒకరైన హ్యూ కెయిర్న్స్ ఆ తరువాత యుద్ధకాలంలో డిస్పాచ్ రైడర్ల తలగాయాలను పరిశీలించి వ్రాసిన వ్రాతల ఫలితంగా 1941 నవంబరులో బ్రిటిషు సైన్యం తన మోటారుసైకిలు వాళ్ళకు శిరస్త్రాణం తప్పనిసరి చేసింది. ఈరోజు మనం అయిష్టంగా పెట్టుకొనే హెల్మెట్టు వెనుక ఆ డీ.ఆర్.ల తలలు ఉన్నవి. పెదనాన్నగారి బూటు ఆయన చీలమండను కాపాడినది 1944లో. ఎనభై ఏళ్ళు దాటిన తోలు, ఉప్పునీటికి నానిన దారం, లోపల తుప్పుపట్టిన మేకులు ఈనాడు నాగాలాండ్ కొండల్లో ఎవరి కాలునూ కాపాడవు. బ్రేకు మీద కాలు వేసిన క్షణాన అడుగు ఊడి వస్తే? తాతగారి మీద భక్తి ఉంటే ఆయన చేసినట్టే చేయాలి. ఆయన తనకు దొరికిన వాటిలో గట్టి బూట్లు తొడుక్కొన్నారు. ఎనభై ఏళ్ళనాటివి తొడుక్కోలేదు.

దీనికి వాడు ఒప్పుకొన్నాడు. కాని ముఖం చిన్నబుచ్చుకొని, "అయితే ఇవి అద్దాల పెట్టెలో పెట్టి దండ వేస్తారా?" అన్నాడు. భరతుడు పాదుకలను సింహాసనం మీద పెట్టాడే కాని తొడుక్కోలేదని చెప్పబోయి ఆగిపోయాను. ఎందుకంటే మా పెదనాన్నగారి పద్ధతి అదీ కాదు. ఏటా విజయదశమినాడు ఆయన ఆ బూట్లు తీసి, అరుగు మీద కూర్చొని, ఊడిన కుట్లు తానే వేసుకొనేవారు. పూజకు పెట్టేవారు కారు. బాగుచేసేవారు.

ఆ అరుగు మీది దృశ్యాన్ని గురించి ఇంతకాలం ఎక్కడా వ్రాయలేదు. మాది ఆచారపు ఇల్లు. తోలు ముట్టుకొన్న చేతితో గడప దాటడం మా మామ్మకు పనికిరాదు. సైన్యంలో నేర్చుకొన్న కుట్టుపని 1946లో ఆయన ఇంటి అరుగు మీద మొదలుపెట్టినప్పుడు వీధి వీధంతా వింతగా చూసిందట. మామ్మ నెత్తి బాదుకొన్నదట. పని అయ్యాక నూతి దగ్గర స్నానం చేస్తే తప్ప అన్నం పెట్టేది కాదు. ఆయన ఏటా స్నానం చేసేవారు, ఏటా మళ్ళీ కుట్టేవారు. నేను చిన్నప్పుడు దూరంగా నిలబడి చూసేవాణ్ణి. దగ్గరకు రారా, దారం పట్టుకో అని ఆయన పిలిచినా వెళ్ళలేదు. తరువాత నేను తెలుగు పండితుడినై, 1941లో వచ్చిన జాషువాగారి గబ్బిలాన్ని ఎన్నో ఏళ్ళు తరగతిలో కంఠం గద్గదమయ్యేలా పాఠం చెప్పాను. చెప్పులు కుట్టే మనిషి ముందు నేల మీద కూర్చొని మాట్లాడింది మాత్రం ఈ మధ్యనే.

బూట్లు తీసుకొని అమలాపురంలో నాకు తెలిసినవారు చెప్పిన ఒక పెద్దాయన దగ్గరకు వెళ్ళాను. రోడ్డు పక్క చిన్న గుడారం. కుడి బూటు పగులు దగ్గర తోలు అంచును గోటితో చూసి, "ఇది చెక్క తోలు మాస్టారూ, రసాయనం తోలు కాదు" అన్నాడు. చెట్టు బెరడుతో పదును చేసిన తోలు కోసిన చోట లోపలిదాకా గోధుమరంగే. క్రోమియం లవణాలతో చేసినది లోపల నీలి బూడిదరంగులో ఉంటుంది. మన వైపు ఆ చెక్క ఒకప్పుడు ఎక్కువగా ఏ చెట్టుదో మీకు తెలుసా? తంగేడు. బతుకమ్మలో పేర్చే ఆ పచ్చని పూల తంగేడే. మద్రాసు రాజధానిలో తంగేడు చెక్కతో పదును చేసిన తోళ్ళకు దేశాంతరాల్లో పేరు ఉండేది; 1914-18 యుద్ధంలో సైనికుల బూట్ల పైభాగాలకు అవి పెద్దయెత్తున ఇంగ్లాండు వెళ్ళాయి. తంగేడు పూలను వర్ణించిన పద్యాలు నాకు వచ్చు. తంగేడు చెక్క కథ నాకు ఎవరూ చెప్పలేదు, నేను ఎవరికీ చెప్పలేదు.

అలాగే మన పాఠ్యపుస్తకాలలో యలవర్తి నాయుడమ్మగారికి దక్కవలసినంత చోటు దక్కలేదని నా ఫిర్యాదు. తెనాలి దగ్గర యలవర్రులో రైతు కుటుంబంలో 1922లో పుట్టి, తోలును శాస్త్రంగా చదివి, 1948లో మద్రాసులో ఏర్పడిన కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థకు సారథి అయ్యారు. 1985 జూన్ 23న కనిష్క విమానం పేలుడులో పోయారు. మా పెదనాన్నగారికి ఆయన దాదాపు ఈడువాడు. తోలు ముట్టుకొంటే స్నానం చేయవలసిన కాలంలో ఆయన ఏకంగా తోలునే చదువుగా ఎంచుకొన్నారు.

ఆ పెద్దాయన పనిముట్లు విప్పాడు. తోలు కోసే కత్తిని రంపె అన్నాడు. రంధ్రం పొడిచేదానిని ఆరె అన్నాడు. నేను ఉలిక్కిపడ్డాను. ఆరా శబ్దం అమరకోశంలో ఉన్నది, శూద్రవర్గంలో. పదేళ్ళ వయసులో వల్లెవేసినది. ఆరె దాని తద్భవం. ఎందరో పిల్లలకు తద్భవాలు నేర్పినవాడిని, ఈ మాట చూపించే వస్తువును అరవై దాటాక మొదటిసారి చేతిలోకి తీసుకొన్నాను. బరువు లేదు. పిడి మాత్రం అరచేతి ఆకారానికి అరిగి నల్లబడి ఉన్నది. "మా నాన్నది" అన్నాడు. "పిడి మార్చలేదా?" అంటే, "ములుకు మూడుసార్లు మారింది. పిడి ఎందుకు మారుస్తాం?" అన్నాడు. రెండు నెలలుగా మేము వాదించుకొన్నదంతా ఆయన ఒక్క మాటలో తీసిపడేశాడు.

పగిలిన ముందుభాగాన్ని కోసి కొత్త తోలు వేయవచ్చా అని అడిగాను. వేయవచ్చు కాని కొత్త తోలు బలంగా ఉంటుంది, పాత తోలు బలహీనం, కుట్టు దగ్గర కొత్తది పాతదాన్ని చీల్చేస్తుంది అన్నాడు. దానికి బదులు లోపలి నుండి పలచని మెత్తని తోలుముక్క పెట్టి పట్టిస్తే, పైన పగులు అలాగే కనిపిస్తుంది, ఇంక సాగదు. లోపలి ముద్ర జోలికి పోనక్కరలేదు. రంగు వద్దు, రంగు వేస్తే ఆ నునుపు కప్పబడిపోతుంది అని నేను చెప్పకముందే తానే అన్నాడు. ఎడమదానికి ఊడిన నాలుగు కుట్లు పాత రంధ్రాల్లోనుండే వేస్తానన్నాడు. కొత్త రంధ్రాలు పొడిస్తే తోలు తపాలాబిళ్ళ అంచులా చిరుగుతుందట. ప్రదర్శనశాలలవారు పాత తోలు విషయంలో వ్రాసుకొనే నియమాలు దాదాపు ఇవే. వారు చదివి వ్రాశారు, ఈయన చేసి చెప్పాడు.

మా అబ్బాయిని కూడ ఆ రోజు వెంట తీసుకువెళ్ళాను. వాడు ఒక్క ప్రశ్న అడిగాడు: "పగులు కనిపిస్తూ ఉంటే బాగుచేసినట్టు ఎలా అవుతుంది?" పెద్దాయన నావైపు చూశాడు. ఆ పగులు నాది కనుక నేనే చెప్పాను. మీ తాతగారి నాలుగేళ్ళు ఆ అరుగుదలలో ఉన్నట్టే, ఈ ఊరి తుపాను, నీ బాబాయి తెలివితక్కువతనం ఆ పగుల్లో ఉన్నవి. దానిని కోసి పారేస్తే నా తప్పు మాయమవుతుంది, దానితోపాటే ఆయన గుర్తూ పోతుంది. నా తప్పు దాచడానికి అంత ఖరీదు వద్దు. వాడు మరి మాట్లాడలేదు. ఒప్పుకొన్నాడో, పెద్దవాళ్ళ ముందు ఎందుకని ఊరుకొన్నాడో నాకు తెలియదు. ఆ సాయంత్రమే తన కొలతకు కొత్త బూట్లకు డబ్బు కట్టాడు. కుడి బూటు ముందుభాగాన గేరు కడ్డీ తగిలేచోట అదనపు తోలుముక్క వేయించుకొన్నాడట. ఇప్పటి కుర్రాళ్ళకు తెలివి ఉన్నది.

కుట్టేటప్పుడు పెద్దాయన, "కాస్త ఇలా పట్టుకోండి మాస్టారూ" అన్నాడు. ఎడమ బూటును రెండు చేతులా పట్టుకొని అరగంట కూర్చొన్నాను. దారానికి మైనం పూసి లాగుతూ ఉంటే ఆ వాసన పెదనాన్నగారి అరుగు మీది వాసనే. ఇంటికి వచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటింది. చేతులు చూసి మా ఆవిడ, "నీళ్ళు తోడనా?" అన్నది. అన్నం వడ్డించమన్నాను.

అతుకు పూర్తిగా ఆరడానికి వారం పడుతుందని కుడి బూటు ఆయన దగ్గరే ఉంచాము. వచ్చే ఆదివారం తెచ్చుకోవాలి. ఎడమది ఇప్పుడు మా వసారాలో, ఎండ తగలనిచోట, లోపల ఎండుగడ్డితో ఉన్నది. మీ ఇళ్ళల్లో ఇలాంటి సైనికుల బూట్లు గాని, తోలు సంచులు గాని ఉంటే, ఎవరి చేతికైనా ఇచ్చే ముందు లోపలివైపు ఒకసారి దీపం పట్టి చూడండి. బాణం ముద్ర ఉన్నదో, ఇంకేదైనా ఉన్నదో నాకు వ్రాసి తెలియజేయండి.